మాటలు రాని బిడ్డకు ఎక్కడెక్కడ ఏమేం దొరుకుతాయి: అతి తీవ్ర మేధో వైకల్యం ఉన్నవారి కుటుంబాలకు

ముద్ద నోట్లో పెట్టడం, బట్ట మార్చడం, రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పి పడుకోబెట్టడం. ఇరవై ఏళ్లు వచ్చినా ఈ పనులన్నీ ఇంకొకరే చెయ్యాల్సిన పిల్లలున్నారు. ఐక్యూ 20 లోపు ఉంటే సర్టిఫికెట్ భాషలో దాన్ని అతి తీవ్ర మేధో వైకల్యం అంటారు. పాత కాగితాల్లో బుద్ధిమాంద్యం అని కనిపిస్తుంది. వీరిలో చాలామందికి మూర్ఛ, కాళ్లూచేతులు బిగుసుకుపోవడం, మింగడంలో ఇబ్బంది కూడా తోడుగా ఉంటాయి.

వీళ్లకు సేవలు ఉన్నాయి. సర్టిఫికెట్ ఆస్పత్రిలో, పింఛను సచివాలయంలోనో మండల కార్యాలయంలోనో, చదువు విద్యాశాఖ కింద, సంరక్షకత్వం కలెక్టరేట్‌లో, ఆరోగ్య బీమా ఢిల్లీలోని నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దగ్గర. ఒక చోట ఇచ్చిన కాగితం ఇంకో చోటికి దానంతటది వెళ్లదు. వీటన్నిటినీ కలిపేది ఇంట్లో ఉండే ఫైలు ఒక్కటే. అందుకే పని అక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఫైలు, ఆధార్

ఒక ప్లాస్టిక్ ఫోల్డరు కొనండి. జనన ధ్రువపత్రం, బిడ్డ ఆధార్, అమ్మానాన్నల ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పుట్టినప్పటి ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, ఈఈజీ, ఎంఆర్‌ఐ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, పాస్‌పోర్టు సైజు ఫొటోలు పది అందులో ఉండాలి. ఒరిజినళ్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. మూడు సెట్ల జిరాక్సులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.

పనులు ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గరే. జనన పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌బుక్‌లో ఇంకో స్పెల్లింగు ఉంటే సర్టిఫికెట్ మీద కూడా అదే తప్పు ఎక్కుతుంది. ఆ తర్వాత పింఛను, బీమా, రైల్వే కార్డు, అన్నీ దాని వెనకాలే తప్పుతాయి. పేరూ పుట్టిన తేదీ ముందు ఆధార్‌లో సరిచేయించుకుని, ఆ తర్వాతే సర్టిఫికెట్ పరీక్షకు స్లాటు తీసుకోండి.

వేళ్లు తెరుచుకోని, కళ్లు కెమెరా వైపు నిలపని పిల్లలకు ఆధార్ దగ్గర 'మిషన్ తీసుకోవడం లేదు' అనే మాట వస్తుంది. బయోమెట్రిక్ మినహాయింపు కింద నమోదు చేసే పద్ధతి ఆధార్‌లోనే ఉంది. ఆ పేరుతోనే అడగండి. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఇంకోసారి బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి. అది మర్చిపోతే పింఛను మధ్యలో చిక్కుబడుతుంది. మంచం దిగలేనివారికి ఇంటికే వచ్చి చేసే ఏర్పాటు కూడా ఉంది.

సర్టిఫికెట్ రోజు

వైకల్య ధ్రువపత్రాన్ని మనవాళ్లు ఇంకా సదరం సర్టిఫికెట్ అనే అంటారు. దేశమంతా చెల్లేది యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్లో సొంతంగా పెట్టుకోవచ్చు. లేదా మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో స్లాటు అడగవచ్చు. కార్డుకు మూడు రంగులున్నాయి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. అతి తీవ్ర వైకల్యం ఉన్నవారికి రావాల్సింది నీలం కార్డు.

శాతం ఎలా వేస్తారో తెలిసి వెళ్లండి. మాట్లాడలేని, బొమ్మలు చూపించలేని బిడ్డకు మామూలు ఐక్యూ పరీక్ష కుదరదు. అందుకని సైకాలజిస్టు వైన్‌లాండ్ సామాజిక పరిణతి పరీక్ష చేస్తారు. అంటే అమ్మను ప్రశ్నలు అడిగి, ఆ జవాబులను బట్టి స్కోరు వేస్తారు. స్కోరు 0 నుంచి 20 వస్తే 100 శాతం, 21 నుంచి 35 అయితే 90, 36 నుంచి 54 అయితే 75.

ఇక్కడ తప్పు జరిగేది ప్రేమవల్ల. 'అన్నం తింటాడా?' అంటే 'తింటాడండీ' అంటుంది అమ్మ. 'మాట వింటాడా?' అంటే 'వాడికి అన్నీ తెలుసు' అంటుంది. ఆ జవాబులకు మార్కులు పడతాయి, శాతం తగ్గుతుంది. అడుగుతున్నది బిడ్డ ఎవరి సాయమూ లేకుండా, తనంతట తాను, దాదాపు ప్రతిసారీ చేసే పని గురించి. కాబట్టి 'ముద్ద నేను పెడితే మింగుతాడు, తన చేత్తో నోటిదాకా తీసుకెళ్లలేడు' అని చెప్పాలి. 'రెండుకు వస్తే తెలియదు, డైపర్ వాడతాం' అని చెప్పాలి. లేనిది కల్పించాల్సిన అవసరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. రోజంతా మీరు చేసే పనులను ముందురోజే ఒక కాగితం మీద రాసుకుని వెళితే నోరు తడబడదు. అన్నం తినిపించేటప్పుడు, నిలబెట్టేటప్పుడు ఫోన్లో తీసిన రెండు నిమిషాల వీడియోలు కూడా డాక్టరుకు పనికొస్తాయి.

మూర్ఛ మందు ఆ రోజు మానకండి. క్యూలో ఆలస్యమవుతుందని మధ్యాహ్నం మోతాదు, నీళ్లు, మెత్తటి తిండి, ఒక మార్పు బట్ట వెంట తీసుకెళ్లండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలిక కష్టమయ్యే స్థితి, సీపీ) కూడా ఉన్న బిడ్డకు ఒక్క చలన వైకల్యమే రాసి పంపించేస్తుంటారు. బయటికి రాకముందే కాగితం చదివి, మేధో వైకల్యం కూడా నమోదయిందో లేదో చూడండి. శాతం తప్పుగా వేశారనుకుంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

ఏడాది నిండని పిల్లలకు ఈ సర్టిఫికెట్ ఇవ్వరు. ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 'ఎదుగుదలలో ఆలస్యం' అనే పేరుతో తాత్కాలికంగా ఇస్తారు. అయిదేళ్లు, పదేళ్లు, పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. 18కి ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. గడువు తేదీకి మూడు నెలల ముందే స్లాటు కోసం కదలండి.

పింఛను, రైలు, పన్ను

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000. ఇది వేరే వర్గం. మేధో వైకల్యం నూరు శాతం ఉన్నంత మాత్రాన అందులోకి మారిపోరు, శరీర స్థితిని విడిగా నిర్ధారించాలి. తెలంగాణలో ఆసరా వికలాంగుల పింఛనును 2023లో 4,016కు పెంచారు.

ఒంటరిగా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్నవారికి, వెంట వచ్చే ఒక్కరికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం రాయితీ ఉంది. దానికి యూడీఐడీ కార్డు చూపిస్తే సరిపోదు. రైల్వే సొంత నమూనాలో ప్రభుత్వ డాక్టరు సంతకం, ముద్ర చేయించుకుని, రైల్వే వాళ్ల దివ్యాంగజన్ కార్డు తీసుకోవాలి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఆదాయపు పన్ను 80డీడీ సెక్షన్ కింద, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. నిజంగా ఎంత ఖర్చయిందన్న లెక్క దీనికి అక్కర్లేదు.

ప్రభుత్వోద్యోగులు, పీఎఫ్ ఉన్న ప్రైవేటు ఉద్యోగులు బిడ్డ పేరూ వైకల్యమూ సర్వీసు రికార్డులోనూ పింఛను కాగితాల్లోనూ ఇప్పుడే నమోదు చేయించాలి. పూర్తి వైకల్యం ఉన్న సంతానానికి కుటుంబ పింఛను వయసుతో పని లేకుండా వస్తుంది, పీఎఫ్ ఉద్యోగుల పింఛను పథకమైన ఈపీఎస్‌లో కూడా. ఉద్యోగి పోయిన తర్వాత మొదలుపెడితే అదే పనికి ఏళ్లు పడుతుంది.

థెరపీ, చదువు

ఆరేళ్ల లోపు పిల్లలను అంగన్‌వాడీల్లో చూసే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందం జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది. డీఈఐసీ అంటే అదే. పద్దెనిమిదేళ్ల దాకా అక్కడ చూస్తారు. ఫిజియోథెరపిస్టు, పిల్లల డాక్టరు, చెవి, కంటి పరీక్షలు ఒకే చోట దొరకడం దాని గొప్ప. చూపూ వినికిడీ పరీక్ష తప్పకుండా చేయించండి. బిడ్డ స్పందించడం లేదంటే బుద్ధివల్లేనని వదిలేసిన చోట అసలు కారణం చూపు అయిన సందర్భాలు ఉంటాయి.

బడి వయసు పిల్లలకు మండల స్థాయిలో, వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటుంది. అక్కడి ఐఈఆర్‌పీ (ప్రత్యేక విద్య) టీచరు, వారంలో నిర్ణీత రోజు వచ్చే ఫిజియోథెరపిస్టు మీకు దగ్గరలో దొరికే మనుషులు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువు పొందే హక్కు 2012 సవరణతో విద్యాహక్కు చట్టంలో చేరింది. బడి హాజరు పట్టీలో పేరు ఉంటేనే టీచరు ఇంటికి వస్తారు. కాబట్టి ముందు దగ్గరి బడిలో చేర్పించి, ఆ తర్వాత మండల విద్యాధికారికి గృహవిద్య కోసం దరఖాస్తు రాయండి. ఎస్కార్ట్ అలవెన్సు, రవాణా అలవెన్సు గురించి అదే కాగితంలో అడగండి. టీచరు వచ్చే రోజు అమ్మ పక్కనే కూర్చుని చూడాలి. వారానికి ఒక గంట పాఠంతో మారేది తక్కువ. ఆ గంటలో నేర్చుకున్న ఒక్క పనిని మిగతా ఆరు రోజులు తినిపించేటప్పుడూ స్నానం చేయించేటప్పుడూ చేస్తే మారేది ఎక్కువ.

ఒక్కసారైనా సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థకు వెళ్లి రావడం మంచిది. 1984లో మొదలైన ఈ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. డాక్టరు, సైకాలజిస్టు, ప్రత్యేక విద్య, ఫిజియో, స్పీచ్ విభాగాలన్నీ చూసి ఒక ఇంటి కార్యక్రమం రాసిస్తాయి. దూరం నుంచి వచ్చే కుటుంబాలు ఉండి నేర్చుకోవడానికి అక్కడ వసతి గదులున్నాయి. కోస్తా దక్షిణ జిల్లాలవారికి నెల్లూరులోని ప్రాంతీయ కేంద్రం దగ్గర.

కుర్చీ, తిండి, మూర్ఛ

నెలకు 22,500 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ఏడీఐపీ అనే కేంద్ర పథకం కింద కుర్చీలాంటి పరికరాలు ఉచితం. 30,000 దాకా సగం ధర. శిబిరంలో ఏది ఇస్తే అది తెచ్చుకోకండి. బిడ్డను కూర్చోబెట్టి కొలిపించండి. సీటు వెడల్పు తుంటికి రెండు పక్కలా ఒక్కో అంగుళం మించకూడదు. మోకాలి వెనక, సీటు అంచుకు మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. పాదాలు రెండూ పలక మీద ఆనాలి, వేలాడకూడదు. పెద్ద కుర్చీ ఇస్తే 'పెరుగుతాడులే' అని తీసుకుంటారు. అందులో బిడ్డ ఒక పక్కకు ఒరిగి ఏడాది కూర్చుంటే వెన్ను అటే వంగిపోతుంది, పిరుదు కింద పుండు పడుతుంది. తలనూ నడుమునూ ఆపే దన్నులు, బెల్టు ఉన్న సీపీ చెయిర్ అడగండి. మంచంలో ఉండేవారిని రెండు గంటలకోసారి తిప్పాలి. ఎర్రబడిన చోట వేలుతో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైందని గుర్తు. ఆ పక్కన ఇక ఒత్తిడి పడనివ్వకూడదు, నర్సుకు చూపించాలి.

పడుకోబెట్టి తినిపించడం ఎన్నో ఇళ్లలో అలవాటు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయేది అప్పుడే. నిటారుగా, గడ్డం కొంచెం కిందికి ఉండేలా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగాడని చూశాకే రెండోది పెట్టండి. తిన్నాక అరగంట నిటారుగానే ఉంచండి. ఇలాంటి పిల్లలకు గట్టి పదార్థాలకంటే పల్చటి నీళ్లు, మజ్జిగ ఎక్కువ ప్రమాదం. చిక్కటి రాగి జావ, మెత్తగా మెదిపిన పప్పన్నం తేలిగ్గా దిగుతాయి. తింటూ దగ్గడం, గొంతులో గరగర, ఏడాదిలో రెండుసార్లు నిమ్ము వస్తే మింగడం పరీక్ష కోసం స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాలి. కడుపుకు గొట్టం వేయాలని డాక్టరు అంటే భయపడి ఇంటికి వచ్చెయ్యకండి. బరువు పెరగడానికి, మందు సరిగ్గా లోపలికి వెళ్లడానికి కొందరికి అదే దారి.

మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా, చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే డాక్టరు ముందే రాసిచ్చిన ముక్కు స్ప్రే కొట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఆ స్ప్రే ఇంట్లో లేకపోతే వచ్చే ఓపీలోనే అడిగి రాయించుకోండి. పది రోజుల మందు ఎప్పుడూ అదనంగా ఉండాలి. మందు ఉన్నట్టుండి ఆగితే ఆగని మూర్ఛ వస్తుంది.

ఎత్తి దించే అమ్మ నడుము గురించి ఏ పథకమూ అడగదు. మంచం ఎత్తు మీ నడుం దాకా వచ్చేలా దిమ్మలు వేయించండి. ఇరవై అయిదు కిలోలు దాటిన బిడ్డను ఒక్కరే ఎత్తకండి. దుప్పటి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని జరపడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

ఒక పేజీ పరిచయ కాగితం

మీరు పక్కన లేనప్పుడు బిడ్డ తరఫున మాట్లాడేది ఈ కాగితమే. ఫొటో, రక్తం గ్రూపు, బరువు రాయండి. మందుల మోతాదు బరువును బట్టే కాబట్టి మూడు నెలలకోసారి తూచి మార్చండి. మందు పేరు, మిల్లీగ్రాములు, వేళ, పడని మందులు ఉండాలి. మూర్ఛ మామూలుగా ఎలా వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎలా తినిపించాలి, ఏ పక్కకు పడుకుంటే హాయి అన్నవి ఆ తర్వాత. అన్నిటికంటే ముఖ్యం నొప్పి గుర్తులు: 'నొప్పి ఉంటే ఏడవడు, పళ్లు కొరుకుతాడు, ఎడం చెవి కొట్టుకుంటాడు' అన్న ఒక్క వాక్యం డ్యూటీ డాక్టరుకు సగం పరీక్షలు తగ్గిస్తుంది. పిప్పిపన్ను, మలబద్ధకం, చెవి నొప్పి గుర్తించక 'ప్రవర్తన బాగాలేదు' అని నిద్రమందు పెంచేస్తారు. చివరి మలవిసర్జన ఎప్పుడయిందో రాసే కేలెండరు గోడకు తగిలించండి.

నిరామయ బీమా

నేషనల్ ట్రస్ట్ నడిపే ఈ పాలసీ ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది. ముందుగా ఉన్న జబ్బులని తిరస్కరించరు, వైద్య పరీక్ష ఉండదు, ఓపీ మందులూ థెరపీ ఫీజులూ కూడా దీని కిందికి వస్తాయి. పాలసీ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. కాబట్టి ఏప్రిల్‌లో చేరినవారికే పూర్తి ఏడాది దక్కుతుంది. ముందు మీరు కట్టి తర్వాత తెచ్చుకునే పద్ధతి ఇది. క్లెయిములు తిరిగొచ్చేది థెరపీ బిల్లుల్లోనే. డాక్టరు రాసిన సిఫారసు, ఏ తేదీన ఎన్ని సిట్టింగులు అన్నది, రసీదు నంబరు, ముద్ర, ఈ నాలుగూ ఉండాలి. తెల్లకాగితం మీద రాసిచ్చిన మొత్తం చెల్లదు. బిల్లులు పేరుకుపోనివ్వకుండా ఏ నెలవి ఆ నెలే పంపండి.

పద్దెనిమిది నిండకముందే

పద్దెనిమిది నిండిన రోజునుంచి చట్టం దృష్టిలో అమ్మానాన్నలు బిడ్డ తరఫున సంతకం చెయ్యలేరు. బ్యాంకు ఖాతా, ఆస్తి, అన్నీ ఆగుతాయి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి ఫారం 'ఏ'లో దరఖాస్తు చేస్తే సంరక్షకులుగా నియమిస్తారు. కోర్టుకు వెళ్లక్కర్లేదు, వకీలు అక్కర్లేదు. పదిహేడున్నర ఏళ్లకే కాగితాలు సిద్ధం చేసుకోండి. ఈ పత్రాన్ని బ్యాంకులు ఒప్పుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. కౌంటరులో కాదంటే మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

సంరక్షకులు భారత పౌరులై ఉండాలి. అన్నయ్య అమెరికాలో పౌరసత్వం తీసుకుని ఉంటే అతని పేరు కుదరదు. ఇక్కడే ఉన్న పిన్నినో మేనత్త కొడుకునో ముందే ఒప్పించుకోవాలి. అమ్మాయికి ఒంటరి మగమనిషిని సంరక్షకుడిగా వెయ్యరు. భార్యతో కలిపే వేస్తారు. నియామకం తర్వాత ఆరు నెలల్లో బిడ్డ ఆస్తుల జాబితా ఇవ్వాలి, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో లెక్కలు ఇవ్వాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

పగటి కేంద్రం, వసతి గృహం

నేషనల్ ట్రస్ట్ దగ్గర నమోదైన సంస్థల జిల్లావారీ జాబితా వాళ్ల వెబ్‌సైటులో ఉంది. పగటి సంరక్షణను దిశ-కమ్-వికాస్ అనీ, ఉండే వసతిని సమర్థ్-కమ్-ఘరౌందా అనీ వెతకండి. ఫోన్లో ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: 'మావాడికి డైపర్ ఉంది, తినిపించాలి, తీసుకుంటారా?' ఈ ఒక్క మాటకు చాలాచోట్ల తలుపులు మూసుకుంటాయి. బస్సు ఖర్చు పెట్టి వెళ్లాక వినడం కంటే ముందే తెలియడం మేలు.

ఒప్పుకున్న చోటికి చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళ వెళ్లండి. ఒక ఆయా ఎంతమందికి తినిపిస్తోంది, పడుకోబెట్టి కుక్కుతున్నారా, మార్చే చోట తెర ఉందా, మందుల రిజిస్టరులో వేళా సంతకమూ ఉన్నాయా, రాత్రి మెలకువగా ఉండేది ఎవరు అని చూడండి. వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ పత్రం చూపమనండి. లోపలికి రానివ్వని చోట బిడ్డను వదలకండి.

పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ఆపైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు.

మొదటిసారి వదిలేటప్పుడు వారం కాదు, రెండు రాత్రులు చాలు. పంపేముందు బరువు తూచి, ఒళ్లంతా చూసి, మాత్రలు లెక్కపెట్టి ఇవ్వండి. తీసుకొచ్చిన సాయంత్రం మళ్లీ తూచి, వీపూ పిరుదులూ మడమలూ చూసి, మిగిలిన మాత్రలు లెక్క పెట్టండి.